అడుగు గిన్నె

ముగింపు లేని ఒక నవల కోసం ఛాయ హైదరాబాదు నుంచి ఉక్కు కర్మాగారం ఊరైన భిలాయి వచ్చింది. దెయ్యాల కథలు, మాయాలోకాల కథలు రాసేవాళ్లను కూర్చోబెట్టి, ఆ పనితనం ఎలా అబ్బిందో వాళ్ల నోటితోనే చెప్పించడం ఆమె పని. ‘భయానికి పుట్టిల్లు’ అనే ఆమె ఆడియో కార్యక్రమానికి శ్రోతలు బాగానే ఉన్నారు. వాళ్లలో వయసు మళ్లినవాళ్లు మళ్లీ మళ్లీ అడిగిన పేరు ఒక్కటే, ‘అంగారక’. తొంభైల మొదట్లో ‘క్యారియర్ తెచ్చిన మనిషి’ అనే సీరియల్ రాసి, ఆఖరి భాగం రాకముందే పత్రిక మూతపడితే, దానితోపాటే కనబడకుండా పోయిన రచయిత. ఆ అంగారక ఎవరో కాదు, తను పుట్టి పెరిగిన కంపెనీ క్వార్టర్ల సెక్టార్లోనే రెండు వీధుల అవతల కాపురమున్న హరినాథ్ గారని ఆ పత్రిక పాత సంపాదకుడి వల్ల తెలిసేసరికి ఛాయ పెట్టె సర్దుకుని రైలెక్కేసింది. వచ్చే నెల నుంచి ఆ నవలను మొదటి నుంచి చివరి దాకా వినిపిస్తానని శ్రోతలకు ముందే మాట ఇచ్చేసింది కూడా. తీరా వచ్చి ముగింపు అడిగితే, ఆయన అన్న మాట ఇది:

“ముగింపు నాకు తెలీదమ్మా. ఈ సెక్టార్లో ఆడవాళ్లందరికీ తెలుసు. నాకే తెలీదు.”

నవ్వాలో కూడదో తెలియక ఛాయ బల్ల మీది రికార్డరు వైపు చూసింది. దాని ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. హరినాథ్ గారు బ్లాస్ట్ ఫర్నెస్ దగ్గర ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. కొలిమి హోరులో మాట్లాడి మాట్లాడి, ఇంట్లో మంచినీళ్లు అడిగినా పక్క క్వార్టరు దాకా వినిపిస్తుంది.

“అదేంటంకుల్? రాసింది మీరే కదా?”

“రాసింది నేనే. చదివింది ఇంకో మనిషి. రాసినోడి కన్నా చదివినావిడ మొండిది. అదీ గొడవ.”

“మళ్లీ మొదలెట్టారా?” వంటింట్లోంచి ఆయన భార్య కల్యాణి అంది. “ఆ పిల్ల భోంచేసిన చెయ్యి ఆరక ముందే పాత పంచాయితీ పెట్టీసేరు.”

ఆ నవల గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. షిఫ్టు మారే వేళ కర్మాగారం మెయిన్ గేటు దగ్గర చిట్టెమ్మ అనే మనిషి మూడు గిన్నెల క్యారియర్ పట్టుకుని నిలబడుతుంది. “మా ఆయన డ్యూటీ దిగీసేడా?” అని వచ్చేపోయేవాళ్లను అడుగుతుంది. ఆయన అసలు ఆ ఊరే రాలేదు. వచ్చేదారిలో టిట్లాగఢ్ స్టేషన్లో మంచినీళ్లకని చెంబు పట్టుకుని దిగి, మళ్లీ రైలెక్కలేదు. ఆమె మీద జాలిపడి ఎవరైనా ఆ క్యారియర్ అందుకుంటే, పై గిన్నెలో వేడి బూడిద ఉంటుంది. నడిమి గిన్నెలో నీళ్లుంటాయి, ఆ నీళ్లలో తొంగిచూస్తే తన మొహం బదులు ఇంకొకరి మొహం కనిపిస్తుంది. ఇక అడుగు గిన్నెను ఎవరూ తెరిచినవాళ్లు లేరు. అది ఆఖరి భాగంలో తెరుచుకోవాలి.

“క్యారియరే ఎందుకు ఎంచుకున్నారు?” అని ఛాయ అడిగింది. ఇలాంటి ప్రశ్నలు ఆమెకు కొట్టినపిండి.

“భయమంటే ఏటనుకున్నావు? కొత్త వస్తువు చూస్తే వచ్చీది భయం కాదు, కంగారు. రోజూ చేత్తో పట్టుకునీ వస్తువు ఒక్క పిసరు తేడా చేస్తే, అదీ భయం. మన ఊళ్లో క్యారియర్ లేని సైకిలుందేటి? అన్నం ఉండాల్సిన చోట బూడిద పెట్టాను. బస్, అంతే.”

“మరి మీ కథలో మీరు కల్పించనిది ఏమిటి?”

ఇది ఆమె అందరినీ అడిగే ప్రశ్న. ఏడు లోకాలు కట్టి, వాటికి రాజులనూ భాషలనూ పుట్టించిన మురళీధర్ గారిని అడిగితే, “నా రాక్షసులు తినే తోటకూర పులుసు మా అమ్మ వండిందేనండి” అని సిగ్గుపడ్డాడు. విజయవాడలో దెయ్యాల కథలు రాసే సత్యవాణి గారైతే, “గిలక చప్పుడమ్మా, మా మేనత్త వాళ్ల బావి గిలక. దాన్ని నేను పుట్టించలేను” అని ఒక్క క్షణం ఆగకుండా చెప్పేసింది. హరినాథ్ గారు మాత్రం కిటికీ లోంచి బయటికి చూశారు. అక్కడ చూడ్డానికి కరివేపాకు చెట్టు తప్ప ఏమీ లేదు.

“అది తర్వాత చెప్తాలే. ముందు నా దెయ్యాన్ని ఎలా పాడుచేశారో విను” అన్నారు.

విశాఖపట్నం నుంచి వచ్చే రైల్లో ఆ వారపత్రిక దుర్గ్ స్టేషన్ పుస్తకాల కొట్టుకు చేరేది. వచ్చేవి నాలుగైదు కాపీలు, అందులో సెక్టారుకు దక్కేది ఒకటి. శ్రీకాకుళం నుంచీ విజయనగరం నుంచీ వచ్చిన ఆడవాళ్లలో చదువొచ్చినవాళ్లు తక్కువ. అందుకని గురువారం మధ్యాహ్నాలు తిరుమలరావు గారి క్వార్టర్లో అందరూ చేరేవారు. ఒకరు పైకి చదివితే తక్కినవాళ్లు వినేవారు. దెయ్యాల సీరియల్ వినడానికి వెళ్తున్నామంటే మొగుళ్లు ఊరుకోరు కనక, లలితా సహస్రనామ పారాయణం అని చెప్పుకున్నారు.

“మేం మగాళ్లం మురిసిపోయాం” అన్నారు హరినాథ్ గారు. “మా ఆడవాళ్లంత భక్తిపరులు ఆంధ్రా మొత్తం మీద లేరని. పారాయణానికని నేను కొబ్బరికాయలు కూడా తెచ్చి ఇచ్చీవాణ్ణి.”

“పచ్చడి బాగుండీది” అంది కల్యాణి, చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడి.

అంగారక అంటే తన భర్తేనని ఆ గుంపులో తెలిసింది కల్యాణి ఒక్కదానికే. ఫోర్‌మన్ డ్యూటీలో దెయ్యాల కథలు రాసుకుంటున్నాడని పైవాళ్లు అంటారని ఆయన ఎవరికీ చెప్పుకోలేదు. ఆమె కూడా నోరు మెదపకుండా అందరితో పాటు కూర్చుని వినేది. ఒక గురువారం ఇంటికొచ్చి, “మీ చిట్టెమ్మ ఇవాళ భలే ఏడిపించీసిందండీ” అంది.

“ఏడిపించడమేటని నేను లేచి నిలబడ్డాను. భయపెట్టాలి కదా! కూపీ తీస్తే తెలిసింది, చదివీ ఆవిడ కొంత అచ్చులో ఉన్నది చదివి, కొంత తన సొంతం కలిపీస్తోంది. చిట్టెమ్మ పళ్లు బయటపెట్టి నవ్విందని నేను రాస్తే, ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుందని చదివిందట. ఇంక నాకు పంతం వచ్చీసింది. బలరాం అని ఒక క్రేన్ ఆపరేటరుండీవాడు కథలో. బూడిద చూసి గుండాగి పోయాడని రాశాను. ఆవిడ ఆస్పత్రిలో చేర్పించి బతికించీసింది. మరుసటి వారం నేను దహనం కూడా చేయించీశాను, ఇంకేటి చేస్తాదో చూద్దామని.”

“ఏం చేసింది?”

“కాలింది బలరాం కాదు, వాడి పోలికలున్న వేరే మనిషని చదివీసింది!”

ఛాయ పగలబడి నవ్వింది. ఆయనా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే గొంతు తగ్గించారు.

“తర్వాత్తర్వాత ఏటైందంటే, ఆవిడ దూరడానికి వీలుగా నేనే చోటు వదిలి రాయడం మొదలెట్టాను. అన్నీ చెప్పీకుండా, తలుపు ఓరగా పెట్టినట్టు. అప్పట్నుంచే సీరియల్‌కి పేరొచ్చింది. నా పనితనమేటని అడిగావు కదా, అదే. ఎదురుగా వినీ మనిషి ఎవరో తెలిస్తే రాత కుదురుతాది. నాకు మొహం తెలీదు గాని, మనిషి తెలుసు.”

ఛాయ మనసు మాత్రం గురువారాల దగ్గరే ఆగిపోయింది. ఎండాకాలం, కూలర్లో తడిసిన గడ్డి వాసన, కరివేపాకు మీద కూడా పేరుకునే ఎర్రదుమ్ము. పిల్లలను ఆటలకు తరిమేసి, తిరుమలరావు అంకుల్ ఇంటి తలుపులు మూసేసేవారు. ఆయన అక్కగారు సింహాచలమ్మ పెద్దమ్మ కాపలాగా గుమ్మంలో కూర్చునేది. అప్పుడు ఒకటో క్లాసు చదువుతున్న ఛాయ ఆమె కన్నుగప్పి వెనక కిటికీ జాలీకి చెవి ఆనించి నిలబడేది. లోపల ఒక గొంతు సన్నగా, తీరిగ్గా, కావలసిన చోట ఆగుతూ చదువుతూ ఉండేది. మాటలు సగమే అర్థమయ్యేవి. వీపు మీద వెంట్రుకలు మాత్రం లేచి నిలబడేవి. ఆ గొంతు కోసమే తను పెద్దయ్యాక ఇన్ని ఊళ్లు తిరిగి, ఇంతమంది రచయితల ముందు రికార్డరు పెట్టిందని ఛాయ ఎప్పుడూ అనుకుంటుంది. అంత హాయి మళ్లీ ఎక్కడా దొరకలేదు.

“చదివిందెవరు ఆంటీ?”

కల్యాణి ఆమెను వింతగా చూసింది. “నీకు తెలీదేటి? మీ అమ్మేనమ్మా. వనజాక్షి.”

టీవీలో దెయ్యం బొమ్మ కనిపిస్తే చానెల్ మార్చేసే అమ్మ! “నాకు భయమే బాబూ” అంటూ కూతురి కార్యక్రమం ఇంతవరకూ ఒక్కటీ వినని అమ్మ! ఇంట్లో ‘పాలు తాగు, పుస్తకం తియ్యి’ అని గసిరే గొంతుకూ ఆ కిటికీ గొంతుకూ పోలికే లేదు మరి. ముందు కోపం వచ్చింది. ఇన్నాళ్లూ దాచినందుకు. వెంటనే కోపం కరిగి, అమ్మను ఇప్పుడే చూడాలనిపించింది. అమ్మ ఎంతో దూరంలో లేదు, ఈ ఊళ్లోనే రుఆబాంధాలో ఉంది. నాన్న పోయాక అమ్మకు తోడుగా సింహాచలమ్మ పెద్దమ్మ కూడా అక్కడే ఉంటోంది.

“పత్రిక ఆగిపోయిందని తెలిశాక కూడా అందరూ వచ్చి కూర్చున్నారు” అంది కల్యాణి. “చిట్టెమ్మ ఏటైపోనాదో తెలీకుండా ఎలాగుంటాం? మీ అమ్మ పాత సంచిక ఒకటి చేత్తో పట్టుకుని, ఆఖరి భాగం వచ్చిందని చెప్పి, గుక్క తిప్పకుండా చదివీసింది. అచ్చులో లేనిది చెప్తున్నాదని మాకు తెలుసు. తెలిసే విన్నాం.”

“నేను ఆవేళ సెకండ్ షిఫ్టు” అన్నారు హరినాథ్ గారు, ఇప్పటికీ ఆ డ్యూటీ వేసినవాణ్ణి క్షమించనట్టు. “ఇంటికొస్తే ఈవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏటి చదివిందే అంటే, భోంచెయ్యండి అంది. అప్పట్నుంచి ఇప్పటిదాకా అదే సమాధానం.”

“చెప్తే మీరు రాసీసి ఇంకో పత్రికకి పంపించీవారు. అది మాది. మీకెందుకు చెప్పాలి?”

“విన్నావా? నా చిట్టెమ్మ, నా గేటు, నా క్యారియర్. ముగింపు మాత్రం వీళ్లది. అసలు సంగతి చెప్పనా ఛాయా? అడుగు గిన్నెలో ఏటుందో నేనూ అనుకోలేదు. సీరియల్ రాసినోడికి మూత బిగించడం వస్తే చాలు, లోపలేటుందో తర్వాత చూసుకోవచ్చని ధైర్యం. ఆ తర్వాత రాలేదు. ఆ గిన్నె తెరవకుండా పోతానేమోనని నాకు బెంగ.”

ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో ఫోర్‌మన్ లేడు. కల్యాణి లోపలికెళ్లి గిన్నెల చప్పుడు చేసింది.

సాయంత్రం సైరన్ మోగాక ఛాయ లేచి, మళ్లీ వస్తానంది. కల్యాణి క్యారియర్ తెచ్చి చేతిలో పెట్టింది. “వంకాయ కూర, మామిడికాయ పప్పు. మీ అమ్మకి, సింహాచలమ్మకి. అడుగు గిన్నెలో గుప్పెడు అన్నం, ఆవకాయ ముక్క పెట్టాను. దార్లో ఎవరికేనా పెట్టీ.”

“అలాగే ఆంటీ” అని ఛాయ రెండడుగులు వేసింది. వేసి ఆగింది.

అమ్మా అలాగే పెట్టేది. నాన్న క్యారియర్లో, తన బడి డబ్బాలో, అడుగున ఎప్పుడూ ఒక గుప్పెడు అదనం. “అది నీది కాదు, ఎవరికేనా పెట్టు” అనేది. తనొక్కతే కాదు, సెక్టార్లో తెలుగు పిల్లలందరి డబ్బాలూ అంతే. బళ్లో ఈ సంగతి తెలిసిన హిందీ పిల్లలు “నీచేవాలా డబ్బా దిఖా” అని, ఆ అడుగు డబ్బా చూపించమని చుట్టూ మూగేవారు. ఇది ఆంధ్రావాళ్ల ఆచారమనే ఛాయ అనుకుంది. హైదరాబాదు హాస్టల్లో మొదటిరోజు అలాగే తీసి పక్కన పెడితే, గుంటూరు అమ్మాయి ఇదేం ఆచారమని నవ్వింది. ఆ తర్వాత ఎంతమందిని అడిగినా విన్నామన్నవాళ్లు లేరు.

ఛాయ వెనక్కి తిరిగింది. “అంకుల్, మీ అమ్మగారు కూడా ఇలా అడుగు గిన్నెలో పెట్టేవారా?”

“మా అమ్మా? బొబ్బిల్లో ఇలాటివేటీ లేవు. ఇది కల్యాణి వాళ్ల వైపుది. రోజూ పెట్టీది. నేను పట్టుకెళ్లి కాంట్రాక్టు కూలీల్లో ఎవరో ఒకరికి ఇచ్చీవాణ్ణి.”

“మా వైపూ లేదు” అంది కల్యాణి మెల్లగా. అని, పైట చెంగు వేలికి చుట్టుకుంటూ కుర్చీలో కూర్చుంది.

హరినాథ్ గారు భార్య వైపు చూశారు. క్యారియర్ వైపు చూశారు. ఆయనకు అర్థం కావడం ఛాయ కళ్లారా చూసింది.

“బూడిదా కాదు, నీళ్లూ కాదు” అంది కల్యాణి. “వేడన్నం. చిట్టెమ్మ రోజూ పొయ్యి మీంచి దింపి తెచ్చిన అన్నం. ఎవరికోసం వండిందో వాడు రాకపోతే, ఆకలేసినోడు తింటే ఆ రానోడికి చేరినట్టేనని మీ అమ్మ చదివింది ఛాయా. ఆవేళ అందరం దీపం దగ్గర ఒట్టేసుకున్నాం. ఎవరింట క్యారియర్ కట్టినా చిట్టెమ్మ పేర ఒక గుప్పెడు పెడదామని. ఎందుకని ఎవరికీ చెప్పకూడదని.”

హరినాథ్ గారు కళ్లజోడు తీసి చొక్కాతో తుడిచారు. తుడవాల్సింది కళ్లజోడును కాదని ముగ్గురికీ తెలుసు.

“అంటే నా నవల ఆఖరి భాగాన్ని నేనే సైకిల్ హ్యాండిల్‌కి తగిలించుకుని రోజూ డ్యూటీకి మోశానన్నమాట” అన్నారు. “నా చేత్తోనే మూత తీశాను. చూడనేదు.”

ఛాయ అక్కడే నిలబడి అమ్మకు ఫోన్ చేసింది. ఆయనకూ వినపడాలని స్పీకర్ పెట్టింది. ఎత్తగానే, “అమ్మా, అంగారక గారింట్లో ఉన్నాను. అడుగు గిన్నెలో ఏముందో తెలిసిపోయింది” అంది.

“కల్యాణి చెప్పీసిందా?” అంది వనజాక్షి. ఆ వెంటనే, “అంగారక గారిల్లేటి? నువ్వు వెళ్లింది హరినాథ్ గారింటికి కదే?” అంది.

“ఆయనే అమ్మా.”

“రామ రామ! మన హరినాథ్ గారా! పారాయణానికి కొబ్బరికాయలు పంపిన మనిషా!”

“నేనేనమ్మా వనజాక్షీ” అన్నారు హరినాథ్ గారు ఫోన్ మీదికి వంగి. “ఒక్కటే అడుగుతాను. నా చిట్టెమ్మని దెయ్యంగా ఎందుకుండనివ్వలేదు నువ్వు?”

“ఎలా ఉండనిస్తానండీ? ఎదురుగా సింహాచలం కూర్చుని ఉండీది కదా.” వనజాక్షి గొంతు మారింది. కిటికీ జాలీ లోంచి విన్న గొంతు అదేనని ఛాయ ఇప్పుడు గుర్తుపట్టింది, ఒళ్లు జలదరించింది. “కొత్తగా పెళ్లైన మొగుడితో రైలెక్కింది. ఆయనకిక్కడ ప్లాంటులో ఉద్యోగమొచ్చింది. దార్లో నీళ్లకని దిగి మళ్లీ ఎక్కనేదు. వెనక బండికొచ్చి డ్యూటీలో చేరుంటాడని, తమ్ముడు వద్దన్నా వినకుండా కొన్నాళ్లు క్యారియర్ కట్టుకుని గేటు దగ్గర నిలబడింది. మీరు రాసిన ఆ భాగం చదివిన రోజున, అందరూ వెళ్లిపోయాక ఈ సంగతి నాకొక్కదానికే చెప్పింది. ఆ మనిషి ముందు చిట్టెమ్మ పళ్లు బయటపెట్టి నవ్విందని నేనెలా చదవను?”

“గేటు దగ్గర క్యారియర్ పట్టుకున్న పిల్లని నేను చూశాను” అన్నారు హరినాథ్ గారు. ఆయన మాట మొదటిసారి గుసగుసలా వచ్చింది. “కొత్తగా చేరిన రోజులు. దూరం నుంచి చూశాను. ఎవరో తెలీదు.”

ఫోన్లో ఏదో గలాటా అయింది. “ఉండండి, సింహాచలమే అడుగుతుందట. ఇన్నాళ్లూ ఒక్కసారి ఆ రాసినాయన కనిపిస్తే చాలనీది” అంది వనజాక్షి. తర్వాత ముసలి గొంతు ఒకటి, చిన్నప్పుడు గుమ్మంలోంచి ఛాయను తరిమిన గొంతు, నెమ్మదిగా వినిపించింది.

“బాబూ, నాను సింహాచలాన్ని. గేటుకాడ నన్ను సూసేవు, సరే. క్యారియర్ సూసేవు, సరే. ఆయన దిగింది టిట్లాగఢ్‌లోనని మాత్రం నానెవులికీ సెప్పనేదు. మా తమ్ముడిక్కూడా సెప్పనేదు. చెంబు పట్టుకుని దిగేడని కూడా సెప్పనేదు. అచ్చులో అదే ఊరు, అదే చెంబు ఉన్నాయని వనజ సదివింది. నీకెలా తెల్సింది బాబూ?”

కల్యాణి భర్త మొహంలోకి చూసింది. ఇది ఆమెకూ తెలియని సంగతేనని ఛాయకు అర్థమైంది.

హరినాథ్ గారు చెయ్యి చాచి, బల్ల మీద ఇంకా వెలుగుతున్న రికార్డరును తన వేలితోనే ఆపేశారు.

“ఛాయా, కల్పించనిదేటని అడిగావు కదా” అన్నారు. “ఇదే.” తర్వాత ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని నోటి దగ్గరికి తెచ్చుకున్నారు.

“సింహాచలమ్మా, ఆ బండిలో నేనూ ఉన్నాను. ఆయన వెనకే నీళ్లకి దిగినవాణ్ణి నేనే.”